ఏడు రాజ్యాలు, ఏడు నదులు... నడుమ మా నాయిన

సోమశిలలో ఇల్లు అమ్మేద్దామని మూడేళ్లుగా మా నాయినతో పోట్లాడుతున్నా. ఆయన ఊ అనడు, ఊహూ అనడు. "ఈ ఎండాకాలం పోనీరా, చూద్దాం" అంటాడు. ఆ ఎండాకాలం పోతుంది. ఇంకోటి వస్తుంది.

ఎండాకాలమే ఎందుకంటే, శ్రీశైలం ప్రాజెక్టు నీళ్లు తగ్గినప్పుడు కృష్ణ ఒడ్డున పాత ఊరి ఆనవాళ్లు బయటపడతాయి. గోడల మొదళ్లు, పగిలిన పెంకులు, బండలు. నాయిన ప్రతి ఏడాదీ అక్కడికి పోయి, ఒక బండ మీద కాసేపు కూర్చుని వస్తాడు. అది ఆయన పుట్టిన ఇంటి అరుగట. నాకైతే అన్ని బండలూ ఒకేలా కనిపించేవి.

నాయిన కొల్లాపూర్ డిపోలో కండక్టర్‌గా చేసి రిటైరయ్యాడు. నేను మాంచెస్టర్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నా. హైదరాబాద్‌లో ఫ్లాట్ బుక్ చేశా. ఊళ్లో ఇల్లు అమ్మితే ఈఎంఐ తగ్గుతుంది, అమ్మా నాయినా పెద్దాసుపత్రులకు దగ్గర్లో ఉంటారు. లాజిక్‌లో ఎక్కడా బగ్ లేదు కదా! ఒప్పుకోనిది నాయిన ఒక్కడే.

పోయిన సెప్టెంబర్‌లో ఆయన్ని నెల రోజులకు నా దగ్గరికి రమ్మన్నా. అక్క కాన్పు కోసం అమ్మ వనపర్తిలో ఉండిపోయింది, నాయిన ఒక్కడే వచ్చాడు. ఇదే మంచి ఛాన్స్ అనుకున్నా. ఎక్కడికైనా తీసుకెళ్లి, ఆయన హ్యాపీగా ఉన్నప్పుడు మెల్లగా ఇంటి మాట ఎత్తాలి. ఇదీ ప్లాన్.

ఎక్కడికి తీసుకెళ్లాలో ఆలోచించాల్సిన పని లేదు. మా నాయినకు రైళ్లంటే పిచ్చి. జీవితమంతా బస్సులో గడిపిన మనిషికి రైలు మీద ఇంత ప్రేమేంటని అడిగితే, "మనకు లేనిదే గదరా ముద్దొచ్చేది" అంటాడు. నిజమే. కొల్లాపూర్‌కు ఇప్పటికీ రైలు లేదు. గద్వాల–మాచర్ల లైను వస్తుందని ఆయన చిన్నప్పటి నుంచీ వింటున్నాడు, నా చిన్నప్పటి నుంచీ నేనూ వింటున్నా. రైలెక్కాలంటే మాకు వనపర్తి రోడ్డు స్టేషనే దిక్కు.

అందుకే ఐల్ ఆఫ్ మ్యాన్‌కు టికెట్లు తీశా.

దీవి చిన్నది, రైళ్లు మెండు

ఇంగ్లండ్‌కూ ఐర్లండ్‌కూ మధ్య సముద్రంలో ఉంటుంది ఈ దీవి. విస్తీర్ణం 572 చదరపు కిలోమీటర్లు. జనం సుమారు 84 వేలు. బ్రిటన్ రాజే వీళ్లకూ రాజు, కానీ ఇది బ్రిటన్‌లో భాగం కాదు. సొంత పార్లమెంటు ఉంది. బైకుల పిచ్చి ఉన్నవాళ్లకు టీటీ రేసుల వల్ల ఈ పేరు తెలిసే ఉంటుంది. రైళ్ల పిచ్చి ఉన్నవాళ్లకు మాత్రం ఇది వేరే లోకం. ఇంత చిన్న దీవిలో 1870ల నాటి ఆవిరి రైలు, గుర్రాలు లాగే ట్రాం, 1890ల నాటి కరెంటు ట్రాం, కొండెక్కే ట్రాం ఉన్నాయి. అన్నీ ఇప్పటికీ నడుస్తున్నాయి. మ్యూజియంలో అద్దాల వెనకాల కాదు, టైంటేబుల్ ప్రకారం.

లివర్‌పూల్ నుంచి పడవలో రెండు ముప్పావు గంటల ప్రయాణం. పడవ పేరు 'మనానన్'. ఈ దీవిని కాపాడే సముద్ర దేవుడి పేరట. శత్రువులు వస్తే దీవి మీద పొగమంచు దుప్పటి కప్పేసి కనిపించకుండా చేస్తాడని కథ. నాయినకు చెబితే, "మన కృష్ణమ్మ లెక్కనే. గామెగూడ కప్పుతది గద" అన్నాడు. నేను నవ్వా. ఆయన నవ్వలేదు.

దీవి రాజధాని డగ్లస్. దిగగానే రైళ్లు, ట్రాంలు, బస్సులన్నీ ఎన్నిసార్లైనా ఎక్కగలిగే ఐదు రోజుల పాస్ తీసుకున్నాం. ఏ రోజు ఏది ఎక్కాలో నేను అప్పటికే ఎక్సెల్ షీట్‌లో పెట్టేశా. నాయిన ఆ షీట్‌ను ఫోన్‌లో అటూ ఇటూ జరిపి చూసి, "గిది డ్యూటీ చార్ట్ లెక్కుంది, నేను రిటైరైన రా" అన్నాడు.

మన చిన్న లైను కంటే సన్నం

మొదటి రోజు ఆవిరి రైలు. డగ్లస్ నుంచి దక్షిణాన ఉన్న పోర్ట్ ఎరిన్ దాకా సుమారు 25 కిలోమీటర్లు. ఈ లైను 1874లో మొదలైంది. మా రైలుకు కట్టిన ఇంజిన్ పేరు ఫెనెల్లా, పుట్టింది 1894లో. ఈ ఇంజిన్లలో దాదాపు అన్నీ తయారైంది మాంచెస్టర్‌లోని గోర్టన్ అనే పేటలో, బేయర్ పీకాక్ కంపెనీలో. నేను అద్దెకున్న ఇంటికి నాలుగు మైళ్లు కూడా ఉండదు. రెండేళ్లుగా ఉంటున్నా, ఈ సంగతి నాకు తెలియదు.

నాయిన ఇంజిన్ దగ్గరికి పోలేదు. ప్లాట్‌ఫాం చివర ఆగి పట్టాల వంక చూస్తూ నిలబడ్డాడు. తర్వాత మోచేయి నుంచి చేతిని చాపి గాల్లోనే ఏదో కొలిచాడు.

"గిది మన చిన్న లైను కంటే గూడ సన్నముంది రా" అన్నాడు.

ఫోన్‌లో చూశా. ఆయన చెప్పింది కరెక్ట్. ఈ పట్టాల మధ్య దూరం మూడడుగులు, అంటే 914 మిల్లీమీటర్లు. మన దగ్గర ఒకప్పుడున్న మీటర్ గేజ్ వెయ్యి మిల్లీమీటర్లు. ఎనిమిదిన్నర సెంటీమీటర్ల తేడాను యాభై ఏళ్ల తర్వాత కంటితో పట్టేశాడు.

మీలో చాలామందికి తెలియకపోవచ్చు. కాచిగూడ నుంచి మహబూబ్‌నగర్, గద్వాల మీదుగా కర్నూలు వైపు పోయే లైను నిజాం కాలంలో వేసింది, అప్పట్లో మీటర్ గేజ్. 1990ల్లో దాన్ని బ్రాడ్ గేజ్‌గా మార్చారు. మా పెద్దోళ్లు దాన్ని చిన్న లైను అనే అంటారు.

రైలు కదిలింది. చెక్క డబ్బాలు, ఒక గదికీ ఇంకో గదికీ దారి లేదు. కిటికీలోంచి బొగ్గు వాసన లోపలికొచ్చింది. నాయిన కళ్లు మూసుకున్నాడు. నిద్రపోతున్నాడేమో అనుకున్నా. కళ్లు తెరవకుండానే మాట్లాడటం మొదలుపెట్టాడు.

పదేళ్లప్పుడు వాళ్ల తాత శివరాత్రికి అలంపూర్ తీసుకెళ్లాడట. సోమశిల నుంచి ఎడ్లబండి, కొల్లాపూర్ నుంచి బస్సు, వనపర్తి రోడ్డులో రైలు. కిటికీలోంచి తల బయట పెట్టొద్దని తాత చెబుతూనే ఉన్నాడు, ఈయన పెడుతూనే ఉన్నాడు. కంట్లో బొగ్గు నలక పడింది. తాత పంచె కొసను నోటితో వెచ్చగా ఊది కంటికి ఒత్తాడు. గద్వాల ముందర కృష్ణ మీది వంతెన రాగానే పది పైసల బిళ్ల చేతిలో పెట్టి నదిలో వెయ్యమన్నాడు.

"ఎయ్యలేదు రా. జేబుల దాసుకున్న. అలంపూర్ల మిఠాయి కొనుక్కున్న. కృష్ణమ్మ పైసలు తిన్న. అందుకే మా ఊరు మునిగిందని శానా ఏండ్లు అనుకునేటోణ్ణి."

ఆయన నవ్వుతూనే చెప్పాడు. ఈసారి నాకు నవ్వు రాలేదు. ఇరవై ఎనిమిదేళ్లలో ఈ ముచ్చట నేను ఒక్కసారి కూడా వినలేదు. ఆ పంచె కొస, ఆ పది పైసల బిళ్ల, ఏదీ వినలేదు. పోర్ట్ ఎరిన్ వచ్చేదాకా గంటసేపు ఆయనే మాట్లాడాడు. నేను ఇంటి మాట ఎత్తలేదు.

రైట్... రైట్!

రెండో రోజు పొద్దున గుర్రం ట్రాం ఎక్కాం. డగ్లస్ సముద్రపు ఒడ్డున 1876 నుంచి నడుస్తోంది. పట్టాల మీద బండి కాబట్టి ఒక్క గుర్రమే అంతమందిని లాగేస్తుంది. పని నుంచి రిటైరైన గుర్రాల కోసం ఊరి బయట ఒక ఆశ్రమం కూడా ఉంది, సందర్శకులు పోయి వాటికి క్యారెట్లు పెట్టొచ్చు. "గుర్రాలకు గూడ పెన్షనా!" అని నాయిన ఆశ్చర్యపోయాడు.

అక్కడి నుంచి కరెంటు ట్రాం. మాంక్స్ ఎలక్ట్రిక్ రైల్వే అంటారు. 1893లో మొదలై, 1899 కల్లా ఉత్తరాన రామ్సే ఊరి దాకా వెళ్లింది. మొత్తం 27 కిలోమీటర్లు. ఒకటో నంబర్, రెండో నంబర్ కార్లు 1893లో వచ్చినవే. మొదట ఏ లైను మీద నడిచాయో అదే లైను మీద ఇంకా నడుస్తున్న ట్రాంకార్లలో ప్రపంచంలోకెల్లా పాతవి ఇవే. ఒక పక్క కొండ, ఒక పక్క సముద్రం. పక్కలు తెరిచిన బండిలో కూర్చుంటే గాలి చెంపల మీద కొడుతుంటుంది.

నాయిన మాత్రం సముద్రం వైపు చూడలేదు. కండక్టర్‌నే చూశాడు. ఆయనకూ మా నాయిన వయసే ఉంటుంది. ప్రతి స్టాపులో దిగి, ఎవరెవరు ఎక్కారో చూసుకుని, తాడు లాగి రెండు గంటలు కొడుతున్నాడు. రెండు కొడితే పోవాలి, ఒకటి కొడితే ఆగాలి. మూడో స్టాపులో రెండు గంటలు మోగగానే నా పక్కన చిన్నగా, అలవాటుగా వినిపించింది: "రైట్... రైట్!"

నేను తిరిగి చూస్తే నాయిన సిగ్గుపడ్డాడు.

లాక్సీ అనే ఊళ్లో ట్రాం ఆగినప్పుడు నేను ఆ కండక్టర్‌కు చెప్పా, మా నాయిన కూడా బస్సు కండక్టరే అని. ఆయన వెంటనే చెయ్యి చాపాడు. తర్వాత ఐదు నిమిషాలు నేను దుబాసీని. చిల్లర గొడవలు ఇక్కడా ఉంటాయా? ఉంటాయి. దిగాల్సిన చోట నిద్రపోయేవాళ్లు? ఉంటారు. పండగలప్పుడు రద్దీ? రేసులప్పుడు చూడాలి. టికెట్ లేకుండా ఎక్కేవాళ్లను ఎట్లా పడతారని నాయిన అడిగితే, ఆయన కళ్లు చూపించాడు. "గంతే! మొకం జూస్తే ఎరుకైతది" అని నాయిన నా వీపు మీద చరిచాడు. వాళ్లిద్దరికీ నా అనువాదం అక్కర్లేదేమో అనిపించింది.

నాకు ఆ రోజు ఒక విషయం కొట్టింది. మా ఫీల్డ్‌లో పాత సాఫ్ట్‌వేర్‌ను లెగసీ అంటాం. ఆ మాట అంటేనే ముఖం చిట్లిస్తాం. వీలైనంత త్వరగా కొత్తదానికి మార్చేసి, పాతది ఆపేయాలి. కానీ ఇక్కడ 1893 నాటి బండి, ఇంకా ప్రొడక్షన్‌లో ఉంది. అది నడుస్తున్నది గట్టిదై కాదు. రోజూ దాన్ని పట్టించుకునే మనిషి ఉన్నాడు కాబట్టి.

వీళ్లూ పోగొట్టుకున్నారు

ఇదంతా దానంతటదే మిగిలిందనుకోకండి. ఒకప్పుడు లాంకషైర్ నూలు మిల్లుల కార్మికులు సెలవులకు వేలల్లో ఈ దీవికి వచ్చేవాళ్లు. వాళ్ల కోసమే ఇన్ని రైళ్లు, ట్రాంలు. తర్వాత విమానాలు చవకయ్యాయి, జనం ఎండ కోసం స్పెయిన్ పోవడం మొదలుపెట్టారు. ఆవిరి రైలు లైన్లు మొత్తం 46 మైళ్లు ఉండేవి. పీల్, రామ్సే వైపు లైన్లు 1968లో మూతపడ్డాయి. మేం ఎక్కిన పదిహేను మైళ్ల ముక్కే మిగిలింది. కరెంటు ట్రాంను 1957లో, ఆవిరి రైలును 1978లో అక్కడి ప్రభుత్వమే తీసుకుంది. పీల్ వైపు పట్టాలు తీసేసిన దారిలో ఇప్పుడు జనం నడుస్తారు, సైకిళ్లు తొక్కుతారు.

మనకూ ట్రాంలు ఉండేవి. ఈ దీవిలో తొలి రైలు నడిచిన 1873లోనే కలకత్తాలో తొలి ట్రాం నడిచింది. మద్రాసులో కరెంటు ట్రాం 1895లో వచ్చింది, 1953లో ఆగిపోయింది. కలకత్తాలోనూ ఒక్కో రూటు మూతపడుతూ వచ్చింది. నేనేమీ అన్నీ అట్లాగే ఉంచాల్సిందనడం లేదు. చిన్న లైను పెద్దది కాకపోతే మా గద్వాల వాళ్లు ఇవాళ ఇన్ని రైళ్లు ఎక్కేవాళ్లే కాదు.

సాయంత్రం రూంలో ఇదంతా చెబితే నాయిన చాలాసేపు ఆలోచించాడు. "అంటే వీళ్లు గూడ శానా పోగొట్టుకున్నరు. మిగిలింది మాత్రం వదల్లే. గంతేనా?"

గంతే నాయినా.

కొండ మీద ఏమీ కనపడలేదు

మూడో రోజు కోసమే నేను ఈ ట్రిప్ అంతా ప్లాన్ చేశా. స్నేఫెల్ కొండ. ఎత్తు 621 మీటర్లు. లాక్సీ నుంచి ట్రాం ఎక్కితే ఎనిమిది కిలోమీటర్లు ఎక్కుతూనే ఉంటుంది. 1895 నాటి లైను. రెండు పట్టాల మధ్య మూడో పట్టా ఒకటి ఉంటుంది, దిగేటప్పుడు జారిపోకుండా బ్రేకులు దాన్ని రెండు పక్కలా పట్టుకునేలా ఏర్పాటు. ఫెల్ అనే ఇంజినీర్ కనిపెట్టిన పద్ధతి.

కొండ కొస నుంచి ఏడు రాజ్యాలు కనిపిస్తాయని చెప్పుకుంటారు. ఇంగ్లండ్, స్కాట్లండ్, వేల్స్, ఐర్లండ్, ఈ దీవి, సముద్ర దేవుడి రాజ్యం, పైన స్వర్గం. అక్కడ నిలబడి, ఆ వ్యూ చూపిస్తూ ఇంటి మాట ఎత్తాలని నా ప్లాన్.

సగం కొండ ఎక్కగానే పొగమంచు కమ్మేసింది. పైన దిగేసరికి పది అడుగుల అవతల మనిషి కనపడట్లేదు. మనానన్ దుప్పటి కప్పేశాడు. నాకు ఏడుపొక్కటే తక్కువ. అంత దూరం నుంచి తీసుకొచ్చి తెల్లటి గోడ చూపించినట్టుంది.

"సారీ నాయినా, ఏమీ కనపడట్లేదు. క్లియర్‌గా ఉంటే ఏడు రాజ్యాలు కనిపించేవి."

ఆయన మఫ్లర్ సర్దుకుని, చాయ్ కప్పు రెండు చేతులతో పట్టుకుని అన్నాడు: "మన సంగమేశ్వరం కాడ ఏడు నదులు కలుస్తయి. ఏడింటినీ నువ్వు సూసినవా?"

లేదు. సోమశిల నుంచి పడవలో అవతలి ఒడ్డుకు పోతే సంగమేశ్వరం. తుంగ, భద్ర, కృష్ణ, వేణి, భీమ, మలాపహారిణి, భవనాశి అక్కడ కలుస్తాయంటారు. గుడి ఏడాదిలో చాలా నెలలు నీళ్లలోనే ఉంటుంది. వేపమొద్దు శివుడు నీళ్లు తగ్గాకే బయటికొస్తాడు.

"నీళ్లల్ల మునిగినప్పుడు గుడి లేదంటమా? ఉంటది. మనకు కనపడదు గంతే. గీ మబ్బుల ఎనక గా ఏడు రాజ్యాలు గూడ ఉన్నయి. సూడకపోతే ఏమాయె."

కాసేపాగి ఆయనే మొదలుపెట్టాడు. 1981. ఆయనకు పదిహేడేళ్లు. శ్రీశైలం ప్రాజెక్టు కింద వందకు పైగా ఊళ్లు ఖాళీ అవుతున్నాయి. తలుపులు, దూలాలు పీకి బండ్ల మీద వేసుకుంటున్నారు. మరోపక్క గుళ్లు విప్పుతున్నారు. సోమశిల, జటప్రోలు, అలంపూర్ దగ్గరి పాత గుళ్లను రాయి రాయి విప్పి, నంబర్లు వేసి, ఎత్తైన చోట మళ్లీ కట్టారు. మీరు సోమశిలకు వస్తే చూసేది ఆ గుళ్లనే.

"నేను దినాం పోయి సూసేటోణ్ణి. ఒక్కొక్క రాయికి ఒక్క నంబర్. ఏ రాయి ఏడికి పోవాల్నో రాసి పెట్టుకున్నరు. మంచి పని. దేవుడి రాళ్లకు నంబర్లేసిండ్రు." చాయ్ ఒక గుక్క తాగాడు. "మన ఇంటి రాళ్లకు ఎవలేస్తరు?"

గొంతులో కోపం లేదు, ఏడుపు లేదు. టికెట్ రేటు చెప్పినట్టు చెప్పాడు. నేను మాత్రం చాయ్ కప్పు వైపే చూస్తూ కూర్చున్నా. ప్రతి ఎండాకాలం ఆ బండ దగ్గరికి ఎందుకు పోతాడో అప్పుడు అర్థమైంది. నంబర్ లేని రాయి కదా. గుర్తుపట్టే మనిషి ఏడాదికోసారైనా పోకపోతే అది మామూలు బండ అయిపోతుంది. నా కళ్లకు ఎప్పటినుంచో మామూలు బండే.

పై ఊళ్లో ఇప్పుడున్న ఇల్లు, నేను అమ్మేద్దామంటున్న ఇల్లు, ఆ బండ దాకా నడిచి పోగలిగేంత దూరంలో ఉంది. హైదరాబాద్ ఫ్లాట్ నుంచి అట్లా నడిచి పోలేడు.

నేను ఇంటి మాట ఎత్తలేదు. ఆ రోజే కాదు, మళ్లీ ఎత్తలేదు.

బస్సులో నమస్కారం

మిగిలిన రెండు రోజులు ఎక్సెల్ షీట్ పక్కన పడేశాం. నాయిన ఏది చెబితే అది. మళ్లీ ఆవిరి రైలే అన్నాడు. కాజిల్‌టౌన్‌లో దిగి, కోట చూసి, బస్సులో తిరిగొచ్చాం. దారిలో ఫెయిరీ బ్రిడ్జ్ అని ఒక చిన్న వంతెన ఉంటుంది. దాని కింద ఉండే దేవకన్యల్లాంటి వాళ్లను పలకరించకుండా దాటితే కీడు జరుగుతుందని అక్కడి నమ్మకం. బస్సులో పిల్లలూ పెద్దలూ చెయ్యి ఊపి హలో అన్నారు.

విషయం చెప్పగానే నాయిన చెప్పులు విడిచి, రెండు చేతులు జోడించాడు. జేబు తడుముకుని, కిటికీ తెరుచుకోకపోవడంతో నా వైపు చూశాడు. చేతిలో పది పెన్నీల బిళ్ల.

"పోనీ తియ్. గీ బాకీ ఇంటికాడనే తీరుస్త."

తీర్చాడు కూడా. ఇండియాకు వెళ్లిన వారానికే గద్వాల రైలెక్కి, వంతెన మీద బిళ్ల వేశాడట. పది పైసలకు యాభై ఏళ్ల వడ్డీ కలిపి పది రూపాయలు. వీడియో కాల్‌లో చెప్పి పగలబడి నవ్వాడు.

ఫ్లాట్ ఈఎంఐ నేనే కడుతున్నా. కష్టంగానే ఉంది. అమ్మ చెకప్‌లకు నెలకోసారి కారు మాట్లాడుకుని వెళ్తున్నారు. అది సరిపోతుందా లేదా నాకింకా తెలియదు. ఆయన పెద్దవాడయ్యే కొద్దీ ఈ ప్రశ్న మళ్లీ వస్తుంది. దానికి నా దగ్గర ఇవాళ సమాధానం లేదు.

ఏప్రిల్‌లో సెలవు పెట్టి ఊరికి వెళ్లా. పొద్దున్నే ఆరింటికి ఇద్దరం నడుచుకుంటూ కృష్ణ ఒడ్డుకు పోయాం. బురద ఎండి పగుళ్లు వచ్చింది. నాయిన ఎక్కడా ఆగకుండా తిన్నగా వెళ్లి ఒక బండ దగ్గర నిలబడ్డాడు. "గిది అరుగు. గాడ వంటిల్లు. గాడ దొడ్డి. మా తాత మంచం గీడ ఉండె." ఫోన్‌లో రికార్డర్ ఆన్ చేసి ఆయన వెనకే నడిచా. తర్వాత ఆ బండ మీద ఇద్దరం కూర్చున్నాం. మ్యాప్ తెరిచి అక్కడ ఒక పిన్ పెట్టా. అక్షాంశం, రేఖాంశం, పొడుగు అంకెలు వచ్చాయి.

"నాయినా, మన బండకు కూడా నంబర్ వచ్చింది" అని ఫోన్ చూపించా.

కళ్లద్దాలు పైకి జరుపుకుని ఆ అంకెలన్నీ మెల్లగా, ఒక్కొక్కటీ పైకి చదివాడు. పాత టికెట్ నంబర్లు సరిచూసుకునేటప్పుడు ఎట్లా చదివేవాడో అట్లా.

"కరెక్టే ఉంది" అన్నాడు. "పా, ఎండ ముదురుతుంది."